భీముడి పళ్లెంలో ఏముంది?

కుక్కకు షుగరు. అది చాలదన్నట్టు లివరు జబ్బు. ఒకదానికి మంచిదన్న తిండి రెండోదానికి గిట్టదు. మరి గిన్నెలో ఏం పెట్టాలి? లింగాలలో ఓ నాటుకుక్క ఇంటిల్లిపాదికీ నేర్పిన లెక్క ఇది.

ఉదయం ఆరు గంటలు. కడప జిల్లా, లింగాల. అరటి గెలల కోసం రావాల్సిన లారీ ఇంకా తోట దగ్గరికి రాలేదు. మా పెద్దనాయన వంటింటి గట్టు ముందు నిలబడి చిన్న కాటా మీద సంగటి తూస్తున్నాడు. చిటికెడు తీస్తాడు, అంకె చూస్తాడు, మళ్లీ అరచిటికెడు కలుపుతాడు. బంగారం తూచే షరాబుకైనా అంత ఓపిక ఉంటుందో లేదో! జీవితమంతా అరటి గెలలను టన్నుల్లో లెక్కేసిన మనిషి ఆయన. గుమ్మం అవతల తోక నేలకేసి కొడుతూ కూర్చున్న భీముడికి మాత్రం ఆ తూకాలతో పనిలేదు. ముద్ద ఎప్పుడు కింద పడుతుందా అన్నదే వాడి చూపంతా.

ఇది 2022 చలికాలం నాటి మాట. అప్పటికి భీముడికి తొమ్మిదేళ్లు, పద్దెనిమిది కిలోల బరువు. జాతి కుక్కేం కాదు. తోట కాపలాకని పిల్లగా తెచ్చుకున్న నాటుకుక్క. ఇంట్లో మిగిలిందే వాడి భోజనం... రాగి సంగటి, ఆదివారం ఎముకలు, పండగనాడు ఓళిగ ముక్క. పైగా తోటలో రాలిన పండు కనబడితే తొక్కతో సహా మాయం చేసేవాడు. లింగాల అరటికి ఊరూరా గిరాకీ ఉంది కానీ, భీముడంత నమ్మకమైన ఖాతాదారు ఇంకొకరు లేరని పెద్దనాయన నవ్వేవాడు.

ఆ నవ్వు 2022 వేసవిలో ఆగిపోయింది.

మొదట చెప్పింది చీమలే!

"శానా నీళ్లు తాగుతాండాడు నాయనా, ఎండలకేమో" అని పెద్దమ్మ ఫోన్లో అన్నప్పుడు నేనూ అంతే అనుకున్నాను. మేలో సీమ ఎండలు తెలిసినవాళ్లెవరైనా అదే అనుకుంటారు. అసలు సంగతి కనిపెట్టింది మా జేజి. భీముడు కాలెత్తిన చోటల్లా చీమలు బారులు తీరుతున్నాయట. ఇరవై ఏళ్లుగా షుగరు మాత్రలు మింగుతున్న మనిషి కదా, ఆమెకు ఇట్టే అర్థమైంది. "వీడికీ నా రోగమే వచ్చిండాదిరా" అంది. అందరూ నవ్వారు. యాడన్నా కుక్కకు చక్కెర రోగం వస్తాదా అని!

వస్తుంది. ఆ మాటకొస్తే చక్కెర రోగం గుట్టు విప్పింది కుక్కలే. 1889లో జర్మనీ ఏలుబడిలో ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే ఇద్దరు ఓ కుక్క క్లోమగ్రంథిని తీసేశారు. ఆ తర్వాత దాని మూత్రంలో చక్కెర పోవడం గమనించారు. ఈ జబ్బుకీ క్లోమానికీ ఉన్న చుట్టరికం అలా బయటపడింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీసిందీ కుక్కల మీదే. క్లోమం తీసేసిన మార్జొరీ అనే కుక్క ఆ రసంతో దాదాపు డెబ్భై రోజులు బతికింది. మరుసటి ఏడాది జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి ఆ సూది పడింది. మా జేజి మింగే మాత్రల వెనకున్న కథ కూడా కొంత అక్కణ్నుంచి మొదలైనదే.

అయితే మనిషి షుగరుకీ కుక్క షుగరుకీ ఓ పెద్ద తేడా ఉంది. మనలో ఎక్కువమందికి ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది, ఒంటికి పట్టదు. అందుకే మాత్రలు పనిచేస్తాయి. కుక్కల్లో దాదాపుగా అన్నింటికీ ఇన్సులిన్ ఊరడమే ఆగిపోతుంది. కాబట్టి వాటికి సూది తప్ప దారి లేదు. ఈ సంగతి తెలియక మేం పది రోజులు పోగొట్టుకున్నాం. మొదట చూపించిన చోట, మనుషులకిచ్చే షుగరు మాత్రలే సగం చేసి వేయమన్నారు. వేశాం. భీముడు ఇంకా చిక్కాడు. అలాంటి మాత్రల్లో కొన్ని లివరును దెబ్బతీస్తాయని ఆ తర్వాత తెలిసింది.

రెండు కాగితాలు, ఒక గిన్నె

రక్తపరీక్షలో షుగరు నాలుగు వందలు దాటింది. దాంతోపాటు లివరు ఎంజైములూ ఆకాశంలో ఉన్నాయి.

ఇక్కడో విషయం చెప్పుకోవాలి. షుగరు అదుపు తప్పిన కుక్కలో లివరుకు కొవ్వు పట్టి ఎంజైములు వాటంతటవే పెరుగుతాయి. అది చూసి "రెండు జబ్బులు" అని కంగారు పడాల్సిన పనిలేదు. కొన్ని వారాలు ఇన్సులిన్ పడి షుగరు దారిలోకొస్తే చాలా కుక్కల్లో ఆ అంకెలు కూడా దిగుతాయి. దిగకపోతేనే అనుమానించాలి. అప్పుడు బైల్ యాసిడ్ పరీక్ష, స్కానింగు, అవసరమైతే లివరు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. కుషింగ్స్ అనే హార్మోన్ల జబ్బు కూడా ఈ రెండు లక్షణాలనూ ఒకేసారి చూపిస్తుంది కాబట్టి దాన్నీ వదలకూడదు. ఈ పరీక్షలన్నీ ప్రతి ఊళ్లో ఉండవు. కడప జిల్లాలో 2008 నుంచి ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. పల్లెల్లో కుక్కలను పెంచేవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

భీముడి విషయంలో ఎంజైములు దిగలేదు. కళ్ల తెల్లగుడ్డు పచ్చబడింది. స్కానింగులో లివరు చిన్నగా, గరుగ్గా కనబడింది. దీర్ఘకాలంగా ఉన్న లివరు వాపు అన్నారు.

అప్పటికి పెద్దనాయన చేతిలో రెండు కాగితాలున్నాయి. షుగరుకు రాసిచ్చిన దాంట్లో: రోజుకు రెండు పూటలే తిండి, పన్నెండు గంటల తేడా, మాంసం బాగా, పీచు బాగా, అన్నం తక్కువ. లివరుకు రాసిచ్చిన దాంట్లో: కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టాలి, మాంసం తగ్గించాలి, సులువుగా అరిగే అన్నం పెట్టాలి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆయన అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది. "నాయనా, ఒక కాగితం పెట్టమంటాది, ఇంకోటి వద్దంటాది. నోరు మాత్రం ఒకటే కదప్పా!"

బజారులో దొరికే ప్రత్యేక కుక్క ఆహారంలోనూ ఇదే పేచీ. షుగరు సంచి వేరు, లివరు సంచి వేరు. రెండూ కలిపి పెడితే రెండు జబ్బులకూ సరిపోతుందనుకుంటే పొరపాటే.

గొడవంతా లివరు చేసే ఉద్యోగంలో ఉంది. తిన్న తిండిలోని చక్కెరను గ్లైకోజెన్‌గా దాచిపెట్టి, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా రక్తంలోకి వదిలే గాదె అది. మామూలు షుగరు కుక్కకు ఇన్సులిన్ కాస్త ఎక్కువైనా గాదె తలుపు తెరుచుకుని ఆదుకుంటుంది. లివరు చెడిన కుక్కకు గాదె ఖాళీ. సూది పడ్డాక ఆకలి మీదుంటే చక్కెర పాతాళానికి జారిపోతుంది. ఇంకోపక్క లివరు వాపు తగ్గించడానికి ఎక్కువగా వాడే మందు స్టెరాయిడ్. అది షుగరును అమాంతం పెంచుతుంది. ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. ఎటు నడిచినా ముళ్లే.

మూడో చోట చూపించినప్పుడు ఓ పెద్ద డాక్టరు రెండు కాగితాలూ పక్కన పెట్టి, పెద్దనాయనను ఒకే మాట అడిగారు. "ఇంట్లో వీడికి అన్నం పెట్టేదెవరు?" పెద్దనాయన, పెద్దమ్మ, జేజి, పాలేరు, పక్కింటి పిల్లలు... లెక్క తేలేసరికి ఏడుగురయ్యారు. "రేపట్నుంచి ఒక్కరే" అన్నారాయన. వైద్యం అక్కణ్నుంచి మొదలైంది.

సంగటి, గుడ్డు, గుమ్మడి

భీముడి గిన్నెలో చివరికి కుదిరింది ఇదీ. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి రెండు పెద్ద భోజనాలు. తిన్న వెంటనే సూది. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి చిన్న ఫలహారం. రాత్రిది ముఖ్యం, తెల్లవార్లూ కడుపు ఖాళీగా ఉండకుండా అది కాస్తుంది. నాలుగూ కలిపి రోజుకు ఇన్ని కేలరీలని డాక్టరు కట్టిన లెక్క దాటకూడదు. పద్దెనిమిది కిలోల కుక్క కదలకుండా పడుకున్నా రోజుకు ఆరు వందల కేలరీలు ఖర్చవుతాయి, తిరిగితే తొమ్మిది వందలు, వెయ్యి దాకా కావాలి. భీముడు చిక్కిపోయి ఉన్నాడు కాబట్టి ముందు బరువు పెరగాలి అన్నారు. అందుకే పీచు మరీ ఎక్కువ వద్దన్నారు. లావుగా ఉన్న షుగరు కుక్కకు పీచు మేలు చేస్తుంది. బక్కదానికి ఎక్కువ పెడితే కడుపు నిండుతుంది కానీ ఒంటికి పట్టదు. ఉడికించిన గుమ్మడి, బీరకాయ, బీన్స్ గుప్పెడు చాలు.

సంగటి విషయంలో పెద్ద చర్చే జరిగింది. లివరుకు మెత్తటి తెల్లన్నం సులువు. షుగరుకేమో నిదానంగా అరిగేది మేలు. కుక్కల మీద బ్రెజిల్‌లో చేసి 2008లో ప్రచురించిన ఓ పరీక్షలో జొన్నలు, పప్పులు తిన్నప్పుడు చక్కెర బియ్యం కంటే నిదానంగా కదిలింది. సీమలో జొన్నకేం కరువు? కానీ అసలు కిటుకు ధాన్యంలో లేదని డాక్టరు చెప్పారు. ఏది పెట్టినా రోజూ అదే పెట్టాలి, అంతే తూకంలో పెట్టాలి. ఇన్సులిన్ డోసు ఆ తిండికి సరిపోయేలా కుదురుస్తారు. ఇవాళ సంగటి, రేపు అన్నం, ఎల్లుండి రొట్టె అంటే సూదికి దిక్కు తెలియదు. భీముడికి అలవాటైన సంగటినే, బియ్యం పాలు కొంచెం పెంచి, ఉప్పు లేకుండా, బాగా మెత్తగా ఉడికించి ఖాయం చేశారు. కడుపులో నీరు చేరే ప్రమాదమున్న లివరుకు ఉప్పు శత్రువు.

అందరూ తప్పు చేసేది మాంసకృత్తుల దగ్గర. లివరు జబ్బనగానే పప్పన్నం మీద పెట్టేస్తారు. అది పాత పద్ధతి. చెడిన లివరు తనను తాను బాగుచేసుకోవాలన్నా మాంసకృత్తులే కావాలి. లివరు వడగట్టలేని విషాలు మెదడుకెక్కుతున్న లక్షణాలు ఉంటేనే తగ్గించాలి. అప్పుడు కూడా మానేయడం కాదు, రకం మార్చడం. వేట మాంసం కంటే గుడ్డు, పెరుగు, ఉప్పులేని పనీరు, సోయా లాంటివి తేలిగ్గా పడతాయి. భీముడికి పూటకో ఉడికించిన గుడ్డు, తోలు తీసిన కోడి మాంసం కొంచెం, రాత్రి రెండు గరిటెల పెరుగన్నం. తోలు ఎందుకు తీయాలంటే, షుగరు కుక్కల్లో క్లోమం వాపు తరచుగా కనిపిస్తుంది. కొవ్వు తింటే అది రేగుతుంది.

ఇంటి తిండిలో కాల్షియం, ఖనిజాలు చాలవు. వాటికి వేరే పొడి కలపాలి. ఆ డబ్బా మీద చదవాల్సిన మాట ఒకటుంది, అదే రాగి. లివరు జబ్బున్న చాలా కుక్కల్లో రాగి బయటికి పోక లివరులోనే పేరుకుంటుంది. ల్యాబ్రడార్, డాబర్‌మన్ జాతుల్లో ఈ బెడద మరీ ఎక్కువ. కాబట్టి రాగి లేని పొడే కొనాలి. జింకు ఉంటే మంచిదే, రాగిని ఒంటికి పట్టనివ్వదు. రాగి చెంబులో నీళ్లు ఆరోగ్యమని భీముడికీ అందులోనే పోస్తున్న జేజి ఆ రోజుతో మట్టి మూకుడుకు మారింది.

ఆమెను ఇంకా పెద్ద దెబ్బ తీసిన సంగతి వేరే ఉంది. కార్జం జబ్బు చేస్తే కార్జమే తినాలని మన పల్లెల్లో గట్టి నమ్మకం. భీముడి కళ్లు పచ్చబడ్డ నాటి నుంచీ జేజి తన పింఛను డబ్బులతో గుట్టుగా మేక కార్జం తెప్పించి ఉడికించి పెడుతోంది. జంతువు ఒంట్లో రాగి ఎక్కువగా ఉండే చోటే కార్జం! డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ రోజు అన్నం తినలేదు. ఆమె పెట్టిన కార్జంతోనే జబ్బు రాలేదని, అది అంతకు చాలా ముందే మొదలైందని ఆమెకు నచ్చజెప్పడానికి వారం పట్టింది.

ఆ రాత్రి గోడకు తల...

నవంబరులో ఓ రాత్రి. ఊళ్లో ఎవరింట్లోనో విందు. పక్కింటి పిల్లలు ప్రేమ కొద్దీ వేట మాంసం ఆకులో పెట్టి భీముడి ముందుంచారు. వాడు వద్దంటాడా? అర్ధరాత్రి దాటాక పెద్దమ్మకు టక్... టక్... అని శబ్దం వినబడింది. చూస్తే భీముడు గోడకు తల ఆనించి నిలబడి ఉన్నాడు. నోట్లోంచి చొంగ. పిలిస్తే గుర్తుపట్టడం లేదు. గుండ్రంగా తిరుగుతున్నాడు, పడుతున్నాడు.

షుగరు పడిపోయినా తూలుతుంది, వణుకుతుంది, మత్తుగా ఉంటుంది. లివరు విషాలు మెదడుకెక్కినా అంతే. పైకి చూసి ఏదో చెప్పడం కష్టం. ఒకదానికి చక్కెర పెట్టాలి, రెండోదానికి వేరే మందు. ఆ సమయంలో అక్కరకొచ్చింది జేజి గ్లూకోమీటరు. పెదవి లోపలి అంచున చిన్న గాటు, ఓ చుక్క రక్తం. అంకె 260. పడిపోలేదు. అంటే ఇది మాంసం చేసిన పని. మనుషుల మీటరు కుక్క రక్తంలో అసలు కంటే కాస్త తక్కువే చూపిస్తుంది కానీ, ఎక్కువో తక్కువో తేల్చడానికి అది చాలు. తెల్లారకుండానే కారులో వేసుకుని బయల్దేరారు. మూడు రోజులు మందులతో, మాంసం పూర్తిగా ఆపేసి, పెరుగు, గుడ్డు మీద ఉంచాక భీముడు మళ్లీ మా భీముడయ్యాడు.

మీటరు లేకపోతే? చిగుళ్లకు కాస్త తేనె గానీ, చక్కెర నీళ్లు గానీ రాసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. స్పృహ లేని కుక్క నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పటికే షుగరు ఎక్కువగా ఉండి, ఇంకాస్త పెరిగినా ఆ కాసేపట్లో ప్రాణం పోదు. పడిపోయిన షుగరును అలాగే వదిలేస్తే మాత్రం పోతుంది.

సూది దగ్గర ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు రెండు రకాలుగా దొరుకుతాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. సిరంజీలూ వేర్వేరు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. మాకు 40 సీసా చేతికిచ్చి, దుకాణంలో నారింజ మూత సిరంజీ కట్టబెట్టారు. నాలుగు గీతల దాకా లాగితే నాలుగు యూనిట్లు పడుతున్నాయనుకున్నాం. నిజానికి పడింది 1.6 యూనిట్లే. ఐదు రోజులు షుగరు దిగక జుట్టు పీక్కున్నాం. అదే తిరగబడి ఉంటే, 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజీతో తీసి ఉంటే, నాలుగుకు బదులు పది యూనిట్లు పడేవి. గాదె ఖాళీగా ఉన్న కుక్క అది. తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది.

ఇక రోజువారీ నియమం ఒకటే. ముందు తిండి, తర్వాత సూది. తినకపోయినా, తిన్నది కక్కుకున్నా పూర్తి డోసు వేయకూడదు. ఎంత తగ్గించాలన్నది ముందే డాక్టరుతో రాయించుకుని గోడకు అంటించుకోవాలి, అర్ధరాత్రి ఫోన్లు కలవవు కదా. కరెంటు పోయే ఊళ్లలో ఇన్సులిన్‌ను తడి ఇసుక మధ్య పెట్టిన మట్టికుండలో ఉంచినా వేడికి చెడకుండా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు.

బూజు పట్టిన గింజ

భీముడికి లివరు ఎందుకు చెడింది? కచ్చితంగా ఎవరూ చెప్పలేకపోయారు. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరా కావచ్చు, మందుల వల్ల కావచ్చు. అయితే డాక్టరు అడిగిన ఓ ప్రశ్న పెద్దనాయనను కలవరపెట్టింది. "బూజు పట్టిన శెనక్కాయలు గానీ, చెక్క గానీ తింటాడా?"

పులివెందుల ప్రాంతంలో పుట్టినవాళ్లకు శెనక్కాయలతో బంధుత్వం చెప్పక్కర్లేదు. వానకు తడిసిన కాయలు కొట్టం మూలన కుప్పగా పడి ఉంటాయి. ఆవులకు పెట్టే చెక్క గంపలో భీముడు చిన్నప్పట్నుంచీ మూతి పెట్టేవాడు. తడిసిన వేరుశనగ మీద, మొక్కజొన్న మీద పెరిగే ఓ రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. దాని గురి నేరుగా లివరు మీదే. 1960లో ఇంగ్లండులో వేల టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతగ్గా బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో ఈ విషం దొరికింది.

మన దేశంలో దీని కథ ఇంకా విషాదం. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వారా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నే గతై తిన్న గిరిజన కుటుంబాల్లో కామెర్లు, కడుపులో నీరు కమ్ముకొచ్చాయి. వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి ఆరా తీసి, మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు ప్రకటించారు. ఆ ఇళ్లలో అదే తిండి పంచుకున్న కుక్కలకూ అదే జబ్బు చేసి చనిపోయాయి. సంచుల్లో వచ్చే ఖరీదైన తిండికీ ఈ బెడద తప్పలేదు. అమెరికాలో 2005 చివర్లో ఒకసారి, 2020 చివర్లో ఇంకోసారి కలుషితమైన కుక్క ఆహారం తిని పదుల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి. ఉడికించినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. మనం తినలేమని పక్కన పడేసిన బూజు గింజ కుక్కకు పనికొస్తుందనుకోవడం ఎంత తప్పో మా ఇంట్లో అప్పుడు తెలిసింది.

వంటింట్లో ఇలాంటివే ఇంకొన్ని. ఎర్రగడ్డ, తెల్లగడ్డ కుక్క రక్తకణాలను విరిచేస్తాయి. కాబట్టి సంగటిలోకి ఊరుబిండి నంజుడు బంద్. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. అన్నింటికంటే మాయదారిది జైలిటాల్. షుగరున్న మనుషుల కోసమని చూయింగ్ గమ్ముల్లో, కొన్ని తీపి పదార్థాల్లో కలిపే చక్కెర ప్రత్యామ్నాయం ఇది. మనకేం చేయదు. మామూలు కుక్క తింటే ఒంట్లోని ఇన్సులిన్ ఒక్కసారిగా పొంగి చక్కెర పడిపోతుంది. మోతాదు పెరిగితే లివరే కూలిపోతుంది. షుగరు కుక్క కదా, షుగరు లేని బిస్కట్టు పెడదామనుకునే దయగల చుట్టాలకు ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచాలి.

అరటిపండు? ఓ మాదిరి పండులో పద్నాలుగు గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. భీముడిని తోటలోకి గొలుసు లేకుండా వదలడం మానేశారు. వాడి జీవితంలో అదే పెద్ద శిక్ష అని నా అనుమానం.

కుక్కకు ఇంత అవసరమా?

ఊళ్లో ఈ మాట అనని వాళ్లు లేరు. నెలకు ఇన్సులిన్, సిరంజీలు, లివరు మాత్రలు, పరీక్షలు కలిపి అయ్యే ఖర్చు చిన్నదేం కాదు. డబ్బుకన్నా ఎక్కువగా కట్టేసేది టైము. పొద్దున ఆరు, సాయంత్రం ఆరు... ఆ రెండు వేళలకూ ఇంట్లో ఒకరుండాలి. పెళ్లికి వెళ్లినా సాయంత్రానికి తిరిగి రావాలి. తిరుపతి మొక్కు రెండేళ్లు వాయిదా పడింది. "మనుషులకే సూదులు దొరకని ఊళ్లో కుక్కకా!" అని ఓ బంధువు ముఖం మీదే అన్నాడు. పెద్దనాయన దానికి జవాబు చెప్పలేదు. చెప్పదగ్గ జవాబు ఉందని నాకూ అనిపించలేదు. అందరూ ఇలా చేయలేరు. చేయలేని వాళ్లకు కుక్క మీద ప్రేమ లేదనడం అన్యాయం. ఓ విషయం మాత్రం ఆయన ముందే డాక్టరుతో మాట్లాడి పెట్టుకున్నాడు. వాడు తినడం మానేసిన రోజు, మనుషులను గుర్తుపట్టని రోజు వస్తే ఇక లాగకూడదని.

మేం ఊహించని ఫలితం ఒకటి మా జేజి దగ్గర కనబడింది. ఇరవై ఏళ్లుగా ఏ డాక్టరు చెప్పినా వినని మనిషి, భీముడితో పాటే సాయంత్రం ఆరింటికి తినడం మొదలుపెట్టింది. వాడికి బెల్లం లేదంటూ తాను తింటే వాడు చూస్తాడట! మూడు నెలల్లో ఆమె షుగరు భీముడి కంటే ముందే దారిలో పడింది.

2023 ఎండాకాలానికి భీముడి కళ్లు పూర్తిగా తెల్లబడ్డాయి. షుగరు కుక్కల్లో ఎక్కువ వాటికి ఏడాది తిరిగేసరికి శుక్లాలు వస్తాయి, ఇన్సులిన్ సరిగా పడుతున్నా సరే. ఆపరేషన్‌కు లివరు ఒప్పుకోదన్నారు. చూపు లేకపోయినా గిన్నె చప్పుడు వాడికి తెలుసు. కాటా నొక్కినప్పుడు వచ్చే చిన్న కూత వినబడగానే లేచి కూర్చునేవాడు. ఆ ఏడాది చివర్లో అరికాళ్లు పగిలి పక్కు కట్టాయి. లివరు జబ్బు, షుగరు కలిసినప్పుడు అరుదుగా వచ్చే చర్మవ్యాధి అది, ఒంట్లో అమైనో ఆమ్లాలు కరువైతే వస్తుంది. గుడ్డు పచ్చసొనలు పెంచారు. కొన్నాళ్లు తగ్గింది.

2024 ఫిబ్రవరిలో ఓ పొద్దున భీముడు గిన్నె దగ్గరికి రాలేదు. పెద్దనాయన సంగటి తూచి, పెట్టి, అరగంట చూశాడు. సూది తీయలేదు. సాయంత్రమూ తినలేదు. మర్నాడు డాక్టరుకు ఫోన్ చేశాడు. తోటలో వాడు పండ్లు ఏరుకున్న మడవ పక్కనే పూడ్చారు.

ఆ ఇరవై నెలల లెక్క ఓ పాత నోటుబుక్కులో ఉంది. తేదీ, తిన్న తూకం, సూది యూనిట్లు, నీళ్లు ఎన్ని చెంబులు, కక్కుకున్నాడా లేదా... అన్నీ పెద్దనాయన గొలుసుకట్టు రాతలో. ఇప్పుడది పులివెందులలో ఓ ఇంట్లో ఉంది. వాళ్ల ల్యాబ్రడార్‌కూ ఇవే రెండు జబ్బులు. డాక్టరే మా నంబరు ఇచ్చారట. మొన్న నేను ఊరెళ్లినప్పుడు ఆ ఇంటావిడ ఫోన్ చేసింది. జేజే ఎత్తింది.

"గుడ్డు పెట్టు తల్లీ, పెరుగు పెట్టు" అంటోంది. "ఎవరు చెప్పినా కార్జం మాత్రం పెట్టొద్దు. ఆఁ... తిన్నాకనే సూది. ఇప్పుడు టయిమెంత? ఆరు కావస్తాండాది, పో, ముందు దానికి పెట్టుపో."